ఏ పని చెప్పినా చేస్తది

పురానాపూల్, హైదరాబాద్
జూన్ నెల, ఆదివారం

మహబూబ్ భాయ్‌కి,

వచ్చింది భాయ్! మా శ్రీహితకు ఉద్యోగం వచ్చింది!

ముందు ఈ మాట రాసేసి, తర్వాత నీ మోకాళ్ల సంగతి అడుగుతున్నాను, ఏమనుకోకు. షౌకత్ బీ వదిన బాగుందా? ఫోన్ చేద్దామంటే, పోయినసారి నేను అరిచి అరిచి చెప్పింది గల్లీ అంతటికీ వినపడింది, నీ చెవులకు తప్ప. అందుకని మళ్లీ కాగితమే.

ఉద్యోగం శంషాబాద్ దారిలో. మందులు నిలవ చేసే పెద్ద గోదాము. గోదాము అంటే మన సేటు దుకాణం వెనక గది లాంటిది అనుకోకు. బయట ఎండాకాలం ఉంటే లోపల చలికాలం. అద్దాల తలుపులు మనిషిని చూసి వాటంతట అవే తెరుచుకుంటాయి. నేను ఊరికే లోపలికీ బయటికీ నడిచి చూశాను. మళ్లీ నడుద్దామనుకునేలోపు వాచ్‌మన్ నా వైపు తిరిగాడు, ఆగిపోయాను.

నీకు తెలిసిందే కదా, పిల్ల నాలుగేళ్లు కోఠీలో మందుల ఏజెన్సీలో పని చేసింది. అది మూతపడ్డాక ఏడాదిగా ఇంట్లోనే ఉంది. ఎన్నో చోట్ల అర్జీ పెట్టింది. ఒక్కరూ పిలవలేదు. నాకైతే దాని రెజ్యూమె మీదే అనుమానం. ఒక్కటంటే ఒక్క కాగితం, భాయ్! పేరు, చదువు, చేసిన పని, అంతే. కింద బెత్తెడు ఖాళీ. ఎవరి బిడ్డ, ఏ వాడ, ఒక్క ముక్క లేదు. ఈసారి పిలుపు వచ్చాక ప్రింట్లు తీయించుకు రమ్మని నాకు చెప్పింది. నయాపూల్ దగ్గర కంప్యూటర్ దుకాణం వాడి పక్కన కూర్చొని ఆ ఖాళీ నేనే నింపించాను. "తండ్రి బాలనర్సింహ, పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో నలభై ఏళ్ల నౌకరీ, ఒక్క ఫిర్యాదు లేదు" అని. వాడు ఇంగ్లీషులో కొట్టి ఇచ్చాడు. కాగితం నిండుగా, చూడముచ్చటగా వచ్చింది.

ఇక ఇంటర్వ్యూ రోజు. పిల్లను ఒంటరిగా ఎలా పంపుతాను? నిన్ను మీ అబ్బా సేటు దగ్గరికి తీసుకురాలేదా? నన్ను మా బాపు తేలేదా? పెద్దమనిషి వెంట వెళ్లి అప్పజెప్పకుండా పత్తర్‌గట్టిలో ఎవరైనా పనిలో చేరారా? తెల్ల చొక్కా వేసుకొని, దాని సర్టిఫికెట్ల ఫైలు నేనే పట్టుకొని వెళ్లాను. పేరు పిలిచారు. అది లేచింది. నేనూ లేచాను.

లోపల ఇద్దరున్నారు. అమరనాథ్ సారు అని పెద్ద ఆఫీసరు, ఆయన పక్కన ఒక మేడం. సారు నన్ను చూసి, "మీరెవరండీ?" అన్నాడు.

"తండ్రిని సార్. పిల్లను అప్పజెప్పనీకి వచ్చిన."

మంచి మనిషి, కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. చేతులు జోడించి మన పద్ధతిలో చెప్పాను: "సార్, పిల్లను మీ చేతుల పెడ్తున్న. గోష్ ఆప్‌కా, హడ్డీ హమారీ. మాంసం మీది, బొక్కలు మాయి. గీ సూపర్‌వైజరు గిట్ల పెద్ద పెద్ద పేర్లు మాకెందుకు సార్? ఏ పని చెప్పినా చేస్తది. ఊడ్వమంటె ఊడుస్తది. మీ నీడల పడి ఉంటది."

భాయ్, మా బాపు సేటుతో అన్న మాటలే, నలభై ఏళ్ల తర్వాత కూడా ఒక్క మాట తడబడలేదు. మేడం తల దించుకుంది. సారు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత పిల్లను ఏవో అడిగారు. పిల్ల తక్కువ మాట్లాడింది. మన పెంపకం అది.

నిన్న ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఖాయం! ముందు గదిలో, ఆ అద్దాల తలుపుల పక్కనే, కుర్చీలో కూర్చొని చేసే పని. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, ఫోన్లు ఎత్తడం, లోపలికి పంపడం. ఎండ లేదు, బరువు లేదు. మా ఇంటామె స్వరూప దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను కలాకంద్ తెచ్చి గల్లీలో ఇంటింటికీ పంచాను. ఎవరైనా తలుపు తీయకపోతే తీసేదాకా కొట్టాను.

నువ్వు ఇక్కడ ఉంటే నీ నోట్లో నేనే పెట్టేవాణ్ణి.

నీ
బాలనర్సింహ

*

జహీరాబాద్
గురువారం

తమ్మీ బాలనర్సింహకు,

ఉత్తరం అందింది. సంతోషం. షౌకత్ బీకి చదివి వినిపించాను. కలాకంద్ దగ్గర ఆపి, ఈ ఊళ్లో అలాంటిది దొరకదని కాసేపు విచారించింది. మోకాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నీ ఉత్తరం రెండోసారి కూడా చదివాను. అందులో తలుపులు ఉన్నాయి, వాచ్‌మన్ ఉన్నాడు, నీ తెల్ల చొక్కా ఉంది. శ్రీహిత మాట ఒక్కటీ లేదు. ఫోన్ వచ్చాక పిల్ల ఏమంది?

ఇంకొకటి. ఆ సారుతో "సూపర్‌వైజరు గిట్ల మాకెందుకు" అన్నావు. ఆ పేరు నీ నోటికి ఎలా వచ్చింది? పిల్ల ఏ పనికి అర్జీ పెట్టింది, వాళ్లు ఇచ్చింది ఏ పని?

మా మనవరాలు మాహిరా సంగారెడ్డిలో ఆసుపత్రి మందుల స్టోరులో పని చేస్తోంది కదా. ఆమె ఇంటర్వ్యూకు నేను బస్టాండు దాకా వెళ్లాను. బస్సు ఎక్కబోతూ, "దాదా, నువ్వు ఈడ్నే ఛాయ్ తాగు" అంది. తాగాను. ఛాయ్ బాగాలేదు. ఆమెకు ఉద్యోగం వచ్చింది.

జవాబు రాయి.

మహబూబ్

*

పురానాపూల్, హైదరాబాద్

మహబూబ్ భాయ్‌కి,

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మూసీ రంగు మారింది, వాసన మారలేదు. పత్తర్‌గట్టిలో మన దుకాణం మెట్ల మీద ఇప్పుడు ఎవరో గొడుగులు అమ్ముతున్నారు. బేరం మస్తుగా ఉంది. నేను కూడా ఒకటి కొన్నాను, అవసరం లేకపోయినా.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

పిల్ల ఫోన్ పెట్టేసి, "రిసెప్షన్ అంట, బాపు" అంది. నేను శెభాష్ అన్నాను. కలాకంద్ ముక్క చేతిలో పెడితే పళ్లెంలో తిరిగి పెట్టేసి, బట్టలు తీసుకొస్తానని మేడ మీదికి వెళ్లింది. వాన వస్తుందని వెళ్లిందనుకున్నాను. ఆ రోజు మబ్బు లేదు.

అర్జీ పెట్టింది స్టాకు సూపర్‌వైజరు పనికి. వచ్చిన మందు, పోయిన మందు, ఏ గదిలో ఎంత చలి ఉండాలి, ఏ పెట్టె గడువు ఎప్పుడు, అంతా చూసుకోవాలి. కింద పది మంది ఉంటారట. ఆ పని ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. ఇచ్చింది ముందు గది కుర్చీ. నాకు రెండూ ఒకటే అనిపించింది భాయ్. ఆఫీసు ఒకటే కదా, తలుపులు అవే కదా.

ఇంకో సంగతి కూడా పోయిన ఉత్తరంలో రాయలేదు. ఆ రోజు గేటు దగ్గరే అది, "బాపు, నువ్వు ఈడ్నే కూసో, నేను పొయ్యొస్త" అంది. వినలేదు.

మొన్న స్వరూప అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టింది.

"కొలువు ఇప్పిచ్చినవా, వచ్చే కొలువు ఊడగొట్టినవా?"

"నేనేం జేసిన? మర్యాదగ మాట్లాడిన."

"నీ మర్యాద సల్లగుండ! ఊడుస్తది అన్నవంట. ఇంట్ల చీపురు ఏడుంటదో దానికి ఎర్కనా?"

"ఎర్కనే, అమ్మా. తలుపెనుక," అంది శ్రీహిత. ఇన్నాళ్లకు అది మాట్లాడిన మాట అదీ.

నేను అన్నదాంట్లో తప్పేముంది, నువ్వే చెప్పు. అందరు తండ్రులూ అనే మాటే అన్నాను. చేరుతుందో లేదో నెలాఖరులోగా చెప్పమన్నారు. చేరమని నువ్వు ఒక్క ముక్క రాయి. మహబూబ్ చాచా అంటే దానికి గురి. ఏడాది ఇంట్లో కూర్చున్న పిల్ల, ఇది కూడా కాదంటే మళ్లీ ఎవరు పిలుస్తారు? అదే నా ఫికర్.

బాలనర్సింహ

*

జహీరాబాద్

తమ్మీ,

నువ్వు తప్పు మాట అనలేదు. సగం మాట అన్నావు.

మా అబ్బా నన్ను తీసుకెళ్లిన రోజు సంగతి చెప్తాను. అప్పటికి నువ్వు ఇంకా రాలేదు. అబ్బా చేతులు కట్టుకొని ఇవే మాటలు చెప్పాడు. గోష్ ఆప్‌కా, హడ్డీ హమారీ, ఊడ్వమంటే ఊడుస్తాడు, అన్నీ. సేటు గద్దీ మీద నుంచి సగం లేచాడు. "తౌబా, తౌబా! గట్ల అనకుండ్రి, భాయ్. ఆప్‌కా బేటా, హమారా బేటా. ఊడ్చెటోళ్లు వేరే ఉన్నరు. ఈడు నా పక్కన కూసొని గుడ్డ కొలుస్తడు" అన్నాడు. అబ్బా వంగాడు కాబట్టి సేటు ఎత్తాడు. సేటు ఎత్తుతాడని అబ్బాకు తెలుసు. అబ్బా ఎందుకు వంగాడో సేటుకు తెలుసు. అది ఇద్దరు కలిసి చెప్పే మాట. ఆ తర్వాత ఆరు నెలలు దుకాణం నేనే ఊడ్చాను, అది వేరే సంగతి.

నీ అమరనాథ్ సారు చెడ్డవాడని నేను అనుకోను. తను ఎత్తాలని ఆయనకు తెలియదు. వంగిన మనిషిని చూసి, వీళ్ల ఎత్తు ఇంతే కాబోలు అని రాసుకున్నాడు.

ఇప్పుడు నువ్వు చేయకూడని పని ఒకటుంది. మళ్లీ అక్కడికి వెళ్లి "నా మాట వాపసు తీసుకుంటున్న సార్" అనొద్దు. ఈపాటికి నువ్వు చొక్కా ఇస్త్రీకి ఇచ్చి ఉంటావు.

చేరమని నేను రాయను. నేనూ నీకు ఒకటి చెప్పలేదు. నీ మొదటి ఉత్తరం రాకముందే శ్రీహిత మా మాహిరాకు ఫోన్ చేసింది. మాహిరా అంతా ఫోన్‌లో పెద్ద అక్షరాలతో కొట్టి నాకు చూపించింది. నేను నిన్ను అడిగినవన్నీ తెలిసి అడిగినవే. నీ అంతట నువ్వు రాస్తావేమోనని చూశాను. రాశావు.

ఆ కుర్చీ వద్దని, తను అడిగిన పనికి తనను పరీక్షించమని కంపెనీకి రాయాలని శ్రీహిత అనుకుంటోంది. అలా రాస్తే రెండూ పోవచ్చని మాహిరా చెప్పింది. ఆ సంగతి పిల్లకు తెలుసు. రాయమని గానీ వద్దని గానీ నువ్వు చెప్పకు. రాస్తానంటే పక్కన కూర్చో.

మహబూబ్

*

పురానాపూల్, హైదరాబాద్
జూలై

భాయ్,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా నీతో మాట్లాడలేదు. నువ్వు జహీరాబాద్‌లో ఉన్నావు కాబట్టి నీకు తెలియలేదు. చొక్కా నిజంగానే ఇస్త్రీ చేయించాను. ఇప్పుడు దండెం మీద వేలాడుతోంది. స్వరూప దాన్ని చూసినప్పుడల్లా నవ్వుతోంది.

పిల్ల రాసింది. మెయిల్ పంపేముందు తెలుగులో చెప్పమన్నాను. చెప్పింది: ముందు గది పని ఇస్తామన్నందుకు కృతజ్ఞతలు. ఆ పనికి నేను అర్జీ పెట్టలేదు. పెట్టిన పనికి మీరు నన్ను పూర్తిగా పరీక్షించలేదు. ఒక్కసారి పరీక్షించండి. పనికిరానంటే ఆ మాటే చెప్పండి.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"గిట్ల రాస్తె కోపం రాదా, బిడ్డా?"

"రావచ్చు, బాపు."

"ఉన్నది పాయె, ఉంచుకున్నది పాయె అయితదేమో."

"అయితె అయితది," అని మీట నొక్కేసింది. నేను ఇంకో మాట వెతుక్కునేలోపే మెయిల్ వెళ్లిపోయింది. మన కాలంలో ఉత్తరం డబ్బాలో వేసేదాకా మనసు మార్చుకోవడానికి నాలుగు గల్లీల దూరం ఉండేది.

ఐదారు రోజులు ఏమీ లేదు. నేను ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత జవాబు వచ్చింది. ముందు గది పని వేరే అమ్మాయికి ఇచ్చేశారట. సూపర్‌వైజరు పనికి వచ్చే గురువారం రమ్మన్నారు. అంటే ఇప్పుడు చేతిలో ఏమీ లేదు భాయ్. గురువారం ఒక్కటే ఉంది.

రెజ్యూమె మళ్లీ చేసింది, మీ మాహిరా ఫోన్‌లో చెప్తుంటే. నేను అందులోంచి పోయాను. నలభై ఏళ్ల నౌకరీ పోయింది, ఒక్క ఫిర్యాదు లేదన్నదీ పోయింది. పోతే పోనీ, ఉద్యోగం నాకు కాదు కదా. కింద బెత్తెడు మళ్లీ ఖాళీ. ఖాళీ ఉంటేనే చదివేవాళ్ల కన్ను నిలుస్తుందట. గాజు బీరువాలో చీరలు కుక్కి పెడితే సేటు మనల్ని తిట్టేవాడు, అది తలచుకొని ఊరుకున్నాను. కానీ చేసిన పని రాసిన తీరు మారింది. ఇంతకుముందు "మందుల ఏజెన్సీలో స్టాకు పని" అని ఒక్క ముక్క ఉండేది. ఇప్పుడు ఏం చేసింది, అందువల్ల ఏం జరిగింది, విడివిడిగా ఉంది.

మాహిరా ప్రశ్నలు కూడా పంపింది. అడగడానికి మనిషి కావాలట. స్వరూపను కూర్చోబెడితే ఆమె మొదటి ప్రశ్నకే "మస్తు చెప్పినవ్, ఇగ తిందువు రా" అంటోంది. అందుకని నేను అమరనాథ్ సారును అయ్యాను. కుర్చీ వేసుకొని, కళ్లజోడు ముక్కు చివరికి దించి కూర్చున్నాను.

"నీ గురించి చెప్పమ్మా."

అది చెప్పడం మొదలుపెట్టింది. చదువు దాటి పనిలోకి వస్తుంటే నేను ఆపాను. "మీ నాయిన ఏం జేస్తడో చెప్పలేదు?"

"బాపు, గా మాట వాళ్లు అడగరు."

"నేను సారును. నేను అడుగుత."

"గట్లయితె మీ ఆఫీసుల నేను చెయ్య, సార్."

స్వరూప వంటింట్లోంచి చప్పట్లు కొట్టింది.

తర్వాతి ప్రశ్న, నీలో ఉన్న లోపం ఏమిటి అని. భాయ్, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా ఇలా అడగరు! పోనీ "ఏం లేదు" అని చెప్పమన్నాను. వినలేదు. "ఎవరన్న పని సరిగ్గ చెయ్యకపోతె, వాళ్లకు చెప్పకుండ నేనే చేసేస్త. చెప్పుడు నేర్చుకుంటున్న" అంది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

ఇంకొకటి: పాత పనిలో చాలా కష్టమైన రోజు ఏది? అప్పుడు చెప్పింది, నాకు ఇంతవరకూ తెలియని సంగతి. ఏజెన్సీలో ఒక ఎండాకాలం ఫ్రిజ్ పాడైంది. షుగరు రోగుల సూదిమందు రాత్రంతా వేడికి ఉండిపోయింది. పొద్దున చూసి, ఇది పారేయాలి అంది. యజమాని, పెట్టెలు మళ్లీ చల్లబెట్టి పంపించు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. పిల్ల పంపలేదు. నల్ల మార్కరు తీసుకొని ఆయన చూస్తుండగానే పెట్టె పెట్టె మీదా "పనికిరాదు" అని రాసింది. ఆయన తిట్టాడు. ఇది రాస్తూనే ఉంది.

"గా దినం ఇంటికొచ్చి ఏం లేదన్నవ్ గదనే!"

"చెప్తె నువ్వొచ్చి ఆయన కాళ్లు మొక్కేటోనివి, బాపు."

మొక్కేవాణ్ణే, భాయ్. నీతో అబద్ధమెందుకు.

ఆ రాత్రి పడుకొని నేను సారుతో అన్న మాట తిప్పి తిప్పి చూసుకున్నాను. ఏ పని చెప్పినా చేస్తది అన్నాను. మర్యాద సంగతి అటుంచు, అసలు అది నిజమే కాదు. ఈ పిల్ల ఏ పని చెప్పినా చేసే పిల్ల కాదు. నా ఇంట్లో ఇలాంటి మనిషి తిరుగుతోందని నాకే తెలియదు, వాళ్లకెలా తెలుస్తుంది? నాకు భయం వేయాలి. సంతోషం ఆగడం లేదు. గురువారం ఏమైనా కానీ.

కాదు, ఏమైనా కానీ అని రాశాను గానీ, రావాలి భాయ్. నమాజులో మా పిల్ల పేరు ఒకసారి తలచుకో.

బాలనర్సింహ

*

జహీరాబాద్

తమ్మీ,

తలచుకున్నాను. షౌకత్ బీ కూడా.

ఆ సూదిమందు సంగతి అక్కడ చెప్పమను. చెప్పాక ఆగమను. తనను తనే మెచ్చుకుంటూ సాగదీయొద్దు, యజమానిని తిట్టొద్దు. ఏం జరిగిందో అంతే. ఇది మాహిరా మాట, నాకూ సరిగానే అనిపించింది.

నువ్వు శంషాబాద్ బస్సు ఎక్కొద్దు. వెనక పెద్దవాళ్లు ఎవరూ లేరని అనుకుంటారని నీ భయం. అక్కడ ఎవరూ వెనక వైపు చూడరు. కుర్చీలో ఎవరు కూర్చున్నారో వాళ్లనే చూస్తారు. గురువారం చేతులకు పని కావాలంటే స్వరూపకు ఎల్లిగడ్డ ఒలిచిపెట్టు.

మహబూబ్

*

పురానాపూల్, హైదరాబాద్
శనివారం

మహబూబ్ భాయ్‌కి,

ఒలిచాను. గురువారం పొద్దున మొదలుపెట్టి, పిల్ల తిరిగొచ్చేదాకా ఒలిచాను. పక్కింటివాళ్ల ఎల్లిగడ్డ కూడా అడిగి తెచ్చి ఒలిచాను. స్వరూప ఇప్పుడు పూటపూటకీ ఎల్లిగడ్డ తొక్కు వేస్తోంది.

పిల్ల వచ్చింది. చెప్పులు విడిచింది, కాళ్లు కడుక్కుంది, నీళ్లు తాగింది. నేను పీట మీద నుంచి లేవలేదు. లేస్తే అడిగేస్తానని.

"నీ గురించి అడిగిండ్రు, బాపు," అంది.

"నా గురించా! నువ్వు వద్దంటివి గద, గా మాట అడగరంటివి!"

అమరనాథ్ సారు అడిగాడట: "పోయినసారి మీ నాన్నగారు, ఏ పని చెప్పినా చేస్తుంది, ఊడుస్తుంది అన్నారు. మీరేమో ఈ పనే కావాలంటున్నారు. ఏది నమ్మాలి?"

భాయ్, నా చేతిలో ఎల్లిగడ్డ అలాగే ఉండిపోయింది. నా మాట దాని ముందు అడ్డంగా నిలబడింది చూశావా?

అది ఏం చెప్పిందో విను. ఇంగ్లీషులో చెప్పిందట, నాకు మన భాషలో చెప్పింది. "మా దిక్కు పిల్లను పనిల పెట్టేటప్పుడు పెద్దోళ్లు గట్లనే అంటరు సార్. అది మా బాపు మీకు ఇచ్చిన గౌరవం. గది నా గురించి చెప్పిన మాట గాదు. ఏ పని చెప్తె ఆ పని నేను చెయ్య" అని, ఆ పెట్టెల సంగతి చెప్పిందట. చెప్పి ఆగిందట.

పక్కనున్న మేడం అడిగిందట. "ఇక్కడ కూడా పై నుంచి అలాంటి మాటే వస్తే?"

"కాయితం మీద రాసియ్యమంట, మేడం."

"రాసిస్తే?"

"రాసిచ్చినా పంప. గా కాయితం దాచిపెడ్త."

మేడం నవ్విందట. సారు నవ్వలేదట. లేచి, రండి అని చలి గదుల్లోకి తీసుకెళ్లి, ఒక్కో అర దగ్గరా ఆపి అడిగాడట. ఒకచోట దానికి తెలియలేదు. తెలియదు అనే చెప్పిందట. నేనైతే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మళ్లీ కబురు చేస్తామని పంపించేశారు.

శుక్రవారం పొద్దంతా కబురు లేదు. సాయంత్రం పిల్ల నల్లా దగ్గర బిందె పెట్టి ఉండగా ఫోన్ మోగింది. బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ నల్లా కట్టేయలేదు. ఫోన్ పెట్టేసి అది నా వైపు చూసి, "స్టాకు సూపర్‌వైజరు, బాపు" అంది. వచ్చే నెల ఒకటో తారీఖు చేరాలి. మూడు నెలలు చూసి ఖాయం చేస్తారు. స్వరూప నల్లా కట్టడం మరిచిపోయి దాన్ని పట్టుకొని ఏడ్చింది. నేను ఏడవలేదు. మేడ మీదికి వెళ్లాను. బట్టలు తీయడానికి.

ఇక నువ్వు చేయాల్సిన పని. మంచి కబురు ఫోన్‌లో చెప్పేది కాదు, మనిషి వెళ్లి గడపలో నిలబడి చెప్పాలి. మా వాళ్లంతా మీ వైపే ఉన్నారు. నీ మోకాళ్లకు కష్టమే, మాహిరాను తోడు తీసుకెళ్లు. మన అలవాటు కొద్దీ "ఏదో చిన్న పని దొరికిందిలే" అని మొదలుపెట్టకు. పని పేరు పూర్తిగా చెప్పు. వీళ్లకు చెప్పాలి:

మా అక్క రాజమణికి, జహీరాబాద్ రైల్వే గేటు దగ్గర. అందరికంటే ముందు ఆమెకే. ఇంకొకరి నోట విందంటే దసరా దాకా మాట్లాడదు.

మా బావ కొండల్‌కు. అక్కకు చెప్తే ఆయనకు చెప్పినట్టే అని నువ్వు అనుకోవచ్చు. ఆయన అలా అనుకోడు. విడిగా చెప్పు.

కోహీర్‌లో మా చిన్నాన్న కొడుకు బాలరాజ్‌కు. పది మంది మీద ఆడపిల్ల పెత్తనమా అంటాడు. అవును అను.

మా మేనత్త కొడుకు సోమయ్యకు. జీతం ఎంత అని మొదలుపెడతాడు. ఛాయ్ తాగి మాట మార్చు.

సోమయ్య కూతురు అమలకు. డిగ్రీ పూర్తయి రెండేళ్లయింది, సంగారెడ్డిలో ఎవరో ఇంటర్వ్యూకు పిలిస్తే తండ్రి పంపలేదని విన్నాను. ఆమెకు శ్రీహిత నంబరు ఇవ్వు. ఇచ్చేటప్పుడు సోమయ్య పక్కనే ఉండి వినేలా చూడు.

బాలనర్సింహ